టార్ట్ చెర్రీ మాత్రలతో గౌట్ తగ్గుతుందా? ఎవరు వాడొచ్చు, ఎవరు జాగ్రత్తపడాలి?

వానాకాలం వచ్చిందంటే కోల్‌కతా చేపల బజార్లలో ఎక్కడ చూసినా ఇలిష్ చేపే. గోదావరి జిల్లాల వాళ్లు పులస అని మురిసిపోయే చేప ఇదే. గౌట్ ఉన్నవాళ్లకు మాత్రం ఇలిష్, మటన్, వాటి పక్కన బీరు చేరే విందులు ఒక్కోసారి ఖరీదైనవిగా మారతాయి. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న కాలి బొటనవేలు తెల్లవారేసరికి ఎర్రగా వాచిపోతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టు ఉంటుంది.

ఇలాంటి వాళ్లను ఆకర్షిస్తున్న కొత్త సరుకు టార్ట్ చెర్రీ సప్లిమెంట్. క్యాప్సూల్, పొడి, చిక్కటి రసం రూపాల్లో దొరుకుతోంది. యూరిక్ యాసిడ్ తగ్గిస్తుందని, హాయిగా నిద్ర పట్టిస్తుందని, వ్యాయామం తర్వాత ఒళ్లు నొప్పులు పోగొడుతుందని ప్రచారం. ఇందులో కొంత నిజం ఉంది. అయితే చెర్రీ వల్ల నేరుగా జరిగే హాని కన్నా, దాన్ని నమ్ముకుని డాక్టర్ రాసిన మాత్ర ఆపేయడం వల్ల జరిగే హానే పెద్దది.

కేకు మీది చెర్రీ వేరు

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. డిసెంబరులో కోల్‌కతా న్యూ మార్కెట్‌లో ఫ్రూట్ కేకుల కోసం జనం బారులు తీరతారు. మన దేశంలో ఇలాంటి కేకుల్లో ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ చాలాసార్లు చెర్రీయే కాదు. బెంగాలీలు కరమ్చా అనే కాయను పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు అద్ది తయారుచేస్తారు. మనం పప్పులో, పచ్చడిలో వేసుకునే వాక్కాయే అది. చెర్రీకి దూరపు చుట్టం కూడా కాదు.

కశ్మీర్, హిమాచల్ నుంచి వేసవిలో వచ్చే తాజా చెర్రీలు నిజమైనవే కానీ, అవి ఎక్కువగా తీపి రకాలు. సప్లిమెంట్లలో వాడేది పుల్ల చెర్రీ. శాస్త్రీయ నామం ప్రూనస్ సెరాసస్. అందులోనూ పరిశోధనలు ఎక్కువగా జరిగింది మాంట్‌మోరెన్సీ అనే రకం మీద. అమెరికాలో దీని పంటకు మిషిగన్ రాష్ట్రం ప్రసిద్ధి. ఈ పండుకు ఎరుపు రంగునిచ్చే ఆంథోసయనిన్లకు వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. నొప్పి మాత్రలు అడ్డుకునే ఎంజైములనే ఇవీ కొంతమేర అడ్డుకుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కిడ్నీల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

గౌట్ విషయంలో ఏం తేలింది?

చెర్రీకీ గౌట్‌కీ ముడిపెట్టడం కొత్తేమీ కాదు. 1950లో లుడ్విగ్ బ్లావ్ అనే అమెరికన్, చెర్రీలు తిన్నాక గౌట్ నెమ్మదించిందంటూ కొద్దిమంది రోగుల అనుభవాన్ని ఒక వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇది ఇంటి వైద్యంగానే నడిచింది.

ఇప్పుడు సప్లిమెంట్ కంపెనీలు ఎక్కువగా చూపించేది 2012లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనాన్ని. 633 మంది గౌట్ రోగులను ఏడాది పాటు ఆన్‌లైన్‌లో గమనించారు. చెర్రీలు తిన్న రెండు రోజుల వ్యవధిలో నొప్పి తిరగబెట్టే అవకాశం 35 శాతం తక్కువగా కనిపించింది. చెర్రీతో పాటు అల్లోప్యూరినాల్ కూడా వాడినప్పుడు 75 శాతం తక్కువగా ఉంది. ఈ రెండో అంకె ప్రకటనల్లో ఎందుకో అంతగా కనిపించదు. పైగా ఇది రోగులు తాము తిన్నవాటి గురించి చెప్పిన సమాధానాలపై ఆధారపడిన పరిశీలన. నొప్పి తగ్గడానికి కారణం చెర్రీయేనని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు.

దాన్ని పరీక్షించే పని న్యూజిలాండ్ పరిశోధకులు చేశారు. 2020లో వచ్చిన ఈ అధ్యయనంలో 50 మంది గౌట్ రోగులు పాల్గొన్నారు. కొందరికి డమ్మీ ద్రవం, మిగతావారికి నాలుగు వేర్వేరు మోతాదుల్లో చెర్రీ రసం 28 రోజులు ఇచ్చారు. రక్తంలో యూరిక్ యాసిడ్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏ మోతాదులోనూ కనిపించలేదు. గౌట్ దాడుల సంఖ్యలోనూ తేడా రాలేదు. అధ్యయనం చిన్నది, గడువు తక్కువ. అయినా ‘యూరిక్ యాసిడ్‌ను కరిగించేస్తుంది’ అన్న మాటకు మాత్రం ఇది గట్టి దెబ్బే.

మరి ‘నాకు పనిచేసింది’ అనేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? కాదు. గౌట్ నొప్పి మందు వేసుకోకపోయినా సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ రోజుల్లో ఏది మింగితే దానికే పేరొస్తుంది. తగ్గేది నొప్పి మాత్రమే, కీలులో పేరుకున్న యూరేట్ స్ఫటికాలు అక్కడే ఉంటాయి. అవి కరగాలంటే రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు దిగి, నెలల తరబడి అలాగే ఉండాలి. అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ లాంటి మందులు చేసే పని అది.

చాలామంది తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. ఈ మందులు మొదలుపెట్టిన తొలి నెలల్లో స్ఫటికాలు కదిలి, నొప్పి ఇంకాస్త ఎక్కువగా రావచ్చు. అందుకే డాక్టర్లు మొదట్లో కొల్చిసిన్ లాంటిది కూడా కలిపి ఇస్తారు. ఇది తెలియనివాళ్లు ‘మందు పడలేదు’ అనుకుని మానేసి, సహజమైనది కదా అని చెర్రీ సీసా పట్టుకుంటారు. కొన్నేళ్లకు కీళ్లు దెబ్బతింటాయి, చర్మం కింద గడ్డలు తేలతాయి. (ఇంకొకటి: గౌట్ రాగానే ఇంట్లో కందిపప్పు మీద నిషేధం పెట్టేస్తారు. పప్పులు, కూరగాయల్లోని ప్యూరిన్ల వల్ల గౌట్ ముప్పు పెరుగుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. ముప్పు కనిపించింది మాంసం, సముద్రపు చేపలు, మద్యంతోనే.)

నిద్ర, కండరాల నొప్పి

నిద్ర విషయంలో ఫలితాలు ఆశ పుట్టిస్తాయి, అంతకుమించి చెప్పలేం. అమెరికాలో నిద్రలేమి ఉన్న 50 ఏళ్లు దాటినవారికి రోజుకు రెండుసార్లు 240 మిల్లీలీటర్ల రసం రెండు వారాలు ఇస్తే, నిద్ర సగటున 84 నిమిషాలు పెరిగింది. వినడానికి గొప్పగా ఉంది కానీ, ఆ ఫలితం కేవలం ఎనిమిది మందిది. మెలటోనిన్ వల్లనే నిద్ర పడుతుందనే వివరణా పూర్తిగా పొసగదు. 2012లో బ్రిటన్‌లో జరిగిన మరో అధ్యయనంలో రోజంతా ఇచ్చిన చెర్రీ రసంలో మెలటోనిన్ సుమారు 85 మైక్రోగ్రాములు. షాపులో దొరికే 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ మాత్రలో దానికి 35 రెట్లు ఉంటుంది.

పరుగు వీరులకు మాత్రం కాస్త మెరుగైన ఆధారాలే ఉన్నాయి. లండన్ మారథాన్‌లో 20 మందిపైన, ఒరెగాన్‌లో సుదూర రిలే పరుగులో 54 మందిపైన జరిగిన అధ్యయనాల్లో, పోటీకి అయిదు నుంచి ఏడు రోజుల ముందు నుంచీ రసం తాగినవాళ్లు త్వరగా కోలుకున్నారు, లేదా తక్కువ నొప్పితో బయటపడ్డారు. డిసెంబరులో కోల్‌కతా 25కె పరుగెత్తేవాళ్లు ప్రయత్నించాలనుకుంటే గమనించాల్సింది ఇదే: నొప్పి వచ్చాక కాదు, ముందు నుంచే తాగాలి.

ఎవరు జాగ్రత్తపడాలి?

అందరికన్నా ముందు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్న ఒక రోగికి చెర్రీ కాన్సంట్రేట్ తాగాక కిడ్నీ పనితీరు ఒక్కసారిగా దెబ్బతిన్న కేసు 2014లో అమెరికన్ జర్నల్ ఆఫ్ కిడ్నీ డిసీజెస్‌లో వచ్చింది. నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీసే తీరులోనే ఇదీ జరిగి ఉండొచ్చని వివరణ ఇచ్చారు. ఒక్క కేసే కదా అని కొట్టిపారేయడానికి లేదు. గౌట్, కిడ్నీ జబ్బు చాలాసార్లు జంటగానే వస్తాయి. పైగా ఒక గ్లాసు రసంలో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పొటాషియం తగ్గించుకోమని చెప్పినవాళ్లకు అది తక్కువేమీ కాదు.

మధుమేహం ఉన్నవాళ్లు రసం జోలికి పోకపోవడమే మంచిది. గ్లాసుకు 25 నుంచి 35 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలకు పైమాటే. అందులోని ఫ్రక్టోజ్ శరీరంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది కూడా. గౌట్ కోసం తాగేవాళ్లకు ఇదో విచిత్రం. క్యాప్సూల్‌లో ఈ సమస్య లేదు.

చెర్రీలోని సార్బిటాల్ వల్ల కొందరికి విరేచనాలు అవుతాయి. చెర్రీ, పీచ్, ప్లమ్ లాంటి పండ్లు పడనివాళ్లు మానుకోవాలి. గర్భిణులు, బాలింతలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

మందుల షాపులో ఉన్నంత మాత్రాన మందు కాదు

కోల్‌కతా కిడ్ స్ట్రీట్‌లో రెండు ప్రభుత్వ ప్రయోగశాలలు ఏళ్ల తరబడి ఒకే చిరునామాతో నడిచాయి. ఒకటి మందులను పరీక్షించే సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీ, రెండోది ఆహారాన్ని పరీక్షించే సెంట్రల్ ఫుడ్ లేబొరేటరీ. అల్లోప్యూరినాల్ మాత్రపై అనుమానం వస్తే వెళ్లేది మొదటిదానికి. టార్ట్ చెర్రీ క్యాప్సూల్ చట్టం దృష్టిలో ఆహారం, అది రెండో గుమ్మం సరుకు. మందులా అది జబ్బును నయం చేస్తుందని నిరూపించుకున్నాకే మార్కెట్లోకి రావాలన్న నియమం దానికి లేదు. అలా నయం చేస్తుందని చెప్పుకునే హక్కూ లేదు. అమెరికాలోనూ 2005లో ఇలాంటి ప్రచారం చేసిన 29 చెర్రీ కంపెనీలకు ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది.

మన దగ్గర ఇవి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల కిందకు వస్తాయి. డబ్బా మీద 14 అంకెల లైసెన్స్ నంబరు, రోజువారీ మోతాదు, వైద్య వినియోగానికి కాదన్న హెచ్చరిక ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు చూడండి. ‘1000 మిల్లీగ్రాములకు సమానం’ అని రాసి ఉంటే, క్యాప్సూల్‌లో అసలు ఉన్నది ఎంతో కింద చిన్న అక్షరాల్లో వెతకండి. పరిశోధనలు ఎక్కువగా రసంతో జరిగాయి కాబట్టి, ఏ క్యాప్సూల్ ఎంత రసంతో సమానమో కచ్చితంగా చెప్పే లెక్క లేదు.

కిడ్నీలు బాగుండి, డాక్టర్ సరేనంటే, మందు ఆపకుండా ఒకటి రెండు నెలలు వాడి చూడొచ్చు. మొదలుపెట్టే ముందు యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. గడువు అయ్యాక మళ్లీ చేయించి, రెండు రిపోర్టులూ డబ్బాతో సహా డాక్టర్‌కు చూపించండి.