ముప్పది పారాల లెక్క

కృష్ణ పడమటి కాలువల నీరు పారెడి తెనాలి, రేపల్లె ప్రాంతములందును, సముద్రమునకు చేరువనున్న బాపట్లయందును, ముస్లిముల ఇంట ఒకరు కాలము చేసినప్పుడు, మూడవనాటి జియారత్తునకో నలువదవనాటి ఫాతెహాకో మసీదునుండి ఒక పెట్టెను తెప్పించుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. దానిలో ముప్పది పలుచని పుస్తకములుండును. ఖురాను గ్రంథమును ఒక్క సంపుటముగ గాక, భాగమునకొక పుస్తకము చొప్పున విడదీసి కట్టినవి అవి. ఒక్కొక్క భాగమును పారా యందురు. చాప నడుమ వానిని దొంతరగ పేర్చగా, వచ్చినవాడు పైనున్నదానిని తీసికొని, గోడవార కూర్చుండి చదివి, ముగిసిన పుస్తకమును వేఱొక దొంతరలో నుంచును. అంగడి తెఱచు వేళయైనదనియో రైలుకు పోవలెననియో నడుమ లేచువాడు తాను నిలిపిన చోటును ప్రక్కవానికి వ్రేలితో చూపి పోవును; తక్కినది ఆ ప్రక్కవాడు పూర్తిచేయును. మొదటి దొంతర తఱిగి రెండవది ముప్పదికి పెరిగినంతట ఒక ఖత్మ్, అనగా ఒక సంపూర్ణ పఠనము, ముగిసినట్లు. అప్పుడు హజరతుగారు దుఆ చేసి ఆ పుణ్యమును మృతుని పేర సమర్పింతురు. పద్దుపుస్తకము లేదు, గుమాస్తా లేడు. అయినను లెక్క తప్పదు. ఇట్లు మృతుల కొఱకు కూడి చదువుట ధర్మవిహితము గాదని అభ్యంతరపెట్టు ఉలమాలును కలరు గాని, ఆ వివాదముతో ఇచట మనకు పనిలేదు.

ఈ విభాగము గ్రంథార్థమును బట్టి పుట్టినది కాదు, పఠనపు లెక్క కొఱకే పుట్టినది. అధ్యాయములు 114, వానిలో కొన్ని మూడే వాక్యములు, ఒకటి 286. ప్రవక్త తన సహచరుడైన అబ్దుల్లా బిన్ అమ్రును తొలుత నెలకొకసారి ఖురానును పూర్తిచేయుమని చెప్పి, తనకింకను శక్తి కలదని అతడు వేడుకొనగా గడువును తగ్గించుచు ఏడు దినములకు దెచ్చెనని హదీసు చెప్పుచున్నది. నెలగడువు వారికి 30 పారాలు, వారపు గడువు వారికి 7 మంజిళ్లు అమరినవి. ఉమయ్యదుల కాలమున ఇరాకును పాలించి 714లో మరణించిన హజ్జాజు, విద్వాంసులను రప్పించి అక్షరములనెల్ల లెక్కింపజేసెనని సంప్రదాయగాథ; నడిమి పదముగ నిర్ణయింపబడినది కహఫ్ అధ్యాయమున నున్నది; మనదేశపు ముద్రణలలో ఆ పదమును నేటికిని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. పుటయంచున కనబడు ‘ఐన్’ అక్షరము రుకూ యను చిన్నభాగమునకు గుఱుతు. రంజాను తరావీహు నమాజులో రాత్రికి 20 రకాతులు, అనగా ఆవృత్తులు, రకాతునకొక రుకూ చొప్పున చదివినచో 27వ రాత్రికి గ్రంథము ముగియునట్లు బుఖారా పండితులు 540 రుకూలు ఏర్పఱచిరని ప్రతీతి. నేటి పఠనపు యాప్ తెరమీద చదివినమేర చూపుచు కదలు పచ్చగీత చేయు పనిని ఆ ఒంటి అక్షరము శతాబ్దములనాడే చేయుచుండెను.

నవలలకును నాటకములకును పేరొందిన తెనాలి ముద్రణాలయములు తెలుగు పుస్తకములను దేశమునకెల్ల పంపుచున్న రోజులలోను, ఈ ఊళ్ల మసీదులకు పారాలు ఎక్కువగ ఉత్తరదేశమునుండి వచ్చుచుండెను. అరబ్బీ లిపిని రాతిమీద వ్రాసి అచ్చొత్తు విద్య అక్కడ వర్ధిల్లినది. 1858లో లక్నోలో స్థాపితమైన నవల్ కిశోర్ ముద్రణాలయము ఖురాను ప్రతులను విరివిగ అచ్చువేసినది; దాని యజమాని హిందువు. 1929లో లాహోరున వెలసిన తాజ్ కంపెనీ ప్రతుల అచ్చుతీరు నేటికిని మన ఇండ్లలో కానవచ్చుచున్నది. ఇంట తెలుగే మాటలాడు నూర్‌బాషా కుటుంబములు ఈ ప్రాంతమున పెక్కు. వారిలో అరబ్బీ బడికి పోయినవారు పారాలు చదువగా, పోనివారు తెలుగు లిపిలో అచ్చయిన యాసీన్ అధ్యాయమును చేతబట్టుదురు. పరలిపిలో అరబ్బీ ఉచ్చారణ చెడునని పండితులు దానికి సమ్మతింపరు. అర్థము తెలిసికొనగోరినవారికి తొలి తెలుగు అనువాదమును 1925లో సమకూర్చినవాడును హిందువే, ఆంధ్రభాషాచరిత్ర రచించిన చిలుకూరి నారాయణరావు. అనువాదమును ఎన్నిమారులు చదివినను ఖత్మ్ లెక్కలోనికి రాదనుట వేఱు సంగతి.

1916లో రేపల్లెకు రైలు వచ్చిన పిమ్మట తెనాలి బంధువులు ఉదయమున వచ్చి, చదివి, సాయంకాలమునకు మరలిపోవుట సుకరమైనది. తరువాతి తరము వారు కువైటునకును దుబాయికిని పోయిరి. వారిని రైలు తీసికొనిరాజాలదు. కావున లెక్క ఫోనులోనికెక్కినది. వాట్సాపు గుంపులో ఒకటి మొదలు ముప్పది వఱకు అంకెలు వేసి పెట్టగా, ఒక్కొక్కరు ఆ జాబితాను కాపీచేసి, తమకు వలసిన అంకెయెదుట పేరు చేర్చి మరల పంపుదురు. ఇద్దరు ఒకేక్షణమున పంపినచో ఒకరి పేరు మాయమగును. ఒక పారాను ఇద్దరు చదువుటయు, మఱియొకటి దిక్కులేక పడియుండుటయు అందువలననే. ఒకరు పట్టిన భాగమును ఇంకొకరు పట్టకుండ అడ్డగించు యాపులు ఆ చిక్కును విడదీసినవి. కలిమా లెక్కకు రాశిపోసిన చింతగింజలకు మారుగ వ్రేలికి తొడుగు మీట యంత్రములు వచ్చిన వరుసలోనే ఇదియు వచ్చినది.

అయితే ఒక సూక్ష్మమైన లోపమును చాలమంది గమనింపరు. మదీనాలో 1984లో తెఱచిన ముద్రణాలయము, ఉస్మాన్ తాహా దస్తూరితో, 604 పుటల ప్రతిని లోకమంతట పంచినది. హజ్ యాత్రికులు దానిని కానుకగ తెచ్చిరి. పారాకు సుమారు 20 పుటలు, నమాజునకు నాలుగు పుటల వంతున నెలకు గ్రంథము ముగియునను సులువైన లెక్క దానివలననే వ్యాపించినది. పెక్కు యాపులు దాని విభాగమునే అనుసరించును. మన పెట్టెలోని పారాలతో ఆ విభాగము కొన్నిచోట్ల కలియదు. 20వ పారా మన ప్రతులలో నమల్ అధ్యాయపు 60వ వాక్యముతో మొదలగును, మదీనా ప్రతిలో 56వ దానితో. 23వ పారా మన ప్రతులలో యాసీన్ 22వ వాక్యముతో, మదీనా ప్రతిలో 28వ దానితో. కావున దుబాయిలోని కుమారుడు 19వ పారాను ఫోనులో చదివి, రేపల్లెలోని మేనమామ 20వ దానిని పుస్తకమున చదివినచో, నడుమ నాలుగు వాక్యములు ఎవరి నోటను పలుకబడవు. మేనమామ 22 ముగించి కుమారుడు 23 ఎత్తుకొన్నచో యాసీనులో ఆఱు వాక్యములు జాఱిపోవును. అది చిన్నపిల్లలకును కంఠస్థమైన అధ్యాయము. తెరమీద మాత్రము ముప్పదియు పచ్చగనే వెలుగుచుండును, సంపూర్ణమని అభినందనయు వచ్చును.

పెద్దలు పారాలను అంకెలతో గాక తొలిపదములతో పిలుచుచుండిరి: అలిఫ్ లామ్ మీమ్, సయఖూల్, తిల్కర్రుసుల్. ఆ వాడుకలో 20వది అమ్మన్ ఖలఖ, 23వది వమాలియ. జాబితాలు వ్రాయు యువకులు అంకెప్రక్కన ఈ పేర్లనుకూడ చేర్చినచో, చదువువాడు ఏ ప్రతిని తెఱచినను ఆ పదమును వెదకికొని అచటనే ఆరంభించును, తరువాతి పేరు వచ్చువఱకు ఆపడు. యాపును మార్చవలసిన పనియు లేదు.