ఫ్లైవీల్ మారుస్తున్నారా? బోల్టుల దగ్గర ఈ తప్పు చేస్తే ఇంజిన్‌కే ముప్పు!

జగ్గయ్యపేట: క్లచ్ పని అంటూ గేర్‌బాక్స్ దించాక చాలా కార్లకు ఫ్లైవీల్ కూడా మార్చాల్సి వస్తుంది. కంపెనీ ఫ్లైవీల్ ఖరీదు ఎక్కువని కొందరు, పికప్ బాగుంటుందని ఇంకొందరు బయటి కంపెనీది వేయిస్తుంటారు. వేలు పోసి ఫ్లైవీల్ కొంటారు కానీ, దాన్ని పట్టి ఉంచే ఆరో ఎనిమిదో బోల్టులను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాతవే మళ్లీ బిగించేస్తారు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

గరికపాడు దాటి ఏపీలోకి వచ్చాక జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ వరకు జాతీయ రహదారి 65పై కార్లు గంటల తరబడి వేగంగానే వెళ్తుంటాయి. అలాంటి రోడ్డు మీద ఫ్లైవీల్ వదులైతే ఏం జరుగుతుంది?

ఫ్లైవీల్ ఎంత వేగంగా తిరుగుతుంది?

280 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లైవీల్ 6,000 ఆర్పీఎం దగ్గర తిరుగుతుంటే, దాని అంచు వేగం గంటకు దాదాపు 317 కిలోమీటర్లు! అది ఉండేది డ్రైవర్ కాళ్లకు కొంచెం ముందే. అంత బరువును క్రాంక్‌షాఫ్ట్‌కు పట్టి ఉంచేది ఆ కొద్ది బోల్టులే.

ఇంజిన్ శక్తిని బోల్టులే నేరుగా మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ఫ్లైవీల్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు గట్టిగా అదిమి పెడతాయి. ఆ రెండింటి మధ్య ఒరిపిడే శక్తిని మోస్తుంది. బిగింపు తగ్గితే ఫ్లైవీల్ సన్నగా కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు బోల్టుల మీద పక్కనుంచి దెబ్బలు పడతాయి. రంధ్రాలు అరుగుతాయి, చివరికి బోల్టు తెగుతుంది.

బోల్టు ఎంపికలో చూడాల్సినవి

* పొడవు: అన్నిటికంటే ముఖ్యం ఇదే. పాత ఫ్లైవీల్ మధ్యభాగం మందం 10 మి.మీ. ఉండి, కొత్తది 14 మి.మీ. ఉందనుకుందాం. పాత బోల్టు వేస్తే 4 మి.మీ. మర తక్కువ పడుతుంది. కొత్తది పలచగా ఉంటే బోల్టు చివర రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. పానాకు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, ఫ్లైవీల్ మాత్రం వదులుగానే ఉంటుంది! డీజిల్ కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసి సింగిల్ మాస్ వేసేటప్పుడు ఈ తేడా బాగా వస్తుంది. అందుకే కిట్‌తో వచ్చిన బోల్టులే వాడాలి.

* గ్రేడ్: బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని అంకెలుంటాయి. 10.9 అంటే 1,000 మెగాపాస్కల్స్ బలం, అందులో 90 శాతం వరకు సాగిపోకుండా తట్టుకుంటుందని అర్థం. పాతదాని కంటే తక్కువ గ్రేడ్ వేయకూడదు. మెరుస్తోంది కదా అని స్టెయిన్‌లెస్ బోల్టు వేయొద్దు. మామూలుగా దొరికే ఏ2-70 రకం బలం 700 మెగాపాస్కల్సే.

* మర: 10 మి.మీ. బోల్టుల్లోనే 1, 1.25, 1.5 పిచ్ రకాలున్నాయి. చేత్తో తిప్పితే సాఫీగా లోపలికి వెళ్లాలి. పానా పెట్టి బలవంతంగా ఎక్కిస్తే క్రాంక్‌షాఫ్ట్ మరలే పోతాయి.

పాత బోల్టులు మళ్లీ వాడొచ్చా?

చాలా కార్లలో ఇవి బిగించేటప్పుడు కొద్దిగా సాగేలా తయారైన బోల్టులు. ఒకసారి సాగింది రెండోసారి అంతే పట్టు ఇవ్వదు. మాన్యువల్‌లో టార్క్‌తో పాటు '90 డిగ్రీలు తిప్పాలి' లాంటి కోణం కూడా ఉంటే సాధారణంగా ఆ రకమే అనుకోవాలి. అలాంటివి కచ్చితంగా కొత్తవే వేయాలి.

బిగించే పద్ధతి ఇదీ

1. క్రాంక్‌షాఫ్ట్ రంధ్రాలు, రెండు ముఖాలు నూనె లేకుండా బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ మిగిలినా బోల్టు సరిగా కూర్చోదు.
2. కొన్ని ఇంజిన్లలో రంధ్రాలు లోపలి ఆయిల్ వరకు ఉంటాయి. మరలకు థ్రెడ్‌లాకర్ లేదా సీలెంట్ పూయకపోతే ఆయిల్ కారి క్లచ్ ప్లేట్ పాడవుతుంది. కొత్త బోల్టులకు ముందే పూత ఉంటే మళ్లీ పూయక్కర్లేదు.
3. అన్నీ చేత్తో ఎక్కించాక, ఎదురెదురు బోల్టులను వరసగా రెండు మూడు దఫాల్లో బిగించాలి.
4. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. ఎయిర్ గన్‌తో అస్సలు వద్దు. టార్క్ ఎంతో ఆ ఇంజిన్ మాన్యువల్‌లోనో, కిట్ కాగితంలోనో చూడాలి. పక్క కారు లెక్క దీనికి పనికిరాదు.
5. స్ప్రింగ్ వాషర్లు అదనంగా వేయొద్దు. బిగించిన ప్రతి బోల్టు తలపై పెయింట్ గీత పెడితే ఏదీ మర్చిపోరు.
6. థ్రెడ్‌లాకర్ పూర్తిగా గట్టిపడటానికి సాధారణంగా 24 గంటలు పడుతుంది. అంతవరకు బండిని హైవే ఎక్కించకపోవడమే మంచిది.

ఈ శబ్దం వస్తే ఆపేయండి

ఇంజిన్ ఐడిలింగ్‌లో టక్ టక్ మంటూ, క్లచ్ తొక్కితే మారే శబ్దం వస్తుంటే ఫ్లైవీల్ బోల్టులను అనుమానించాలి. ఇది బేరింగ్ పోయిన శబ్దంలాగే ఉంటుంది. అలా పొరబడి ఇంజిన్ విప్పే ముందు ఒకసారి బోల్టులు చూడమని మెకానిక్‌ను అడగండి.

పని జగ్గయ్యపేటలో చేయించినా, విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా షెడ్డులో మూడే ప్రశ్నలు అడగండి: బోల్టులు కొత్తవేనా? పొడవు కొలిచారా? టార్క్ ఎంత పెట్టారు? బోల్టుల దగ్గర మిగిల్చుకునేది కొంచెమే. తేడా వస్తే మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. క్రాంక్‌షాఫ్ట్ మరలు పోతే ఇంజిన్ మొత్తం విప్పాలి!