మహిళలపై హింస నివారణలో పురుషుల పాత్ర

మహిళలపై హింస నివారణలో పురుషుల పాత్ర అనగా స్త్రీలపై జరిగే హింసను ఆపే బాధ్యతలో పురుషులను, బాలురను భాగస్వాములను చేసే కృషి. బాధితురాలికి రక్షణ, ఆశ్రయం, న్యాయం కల్పించడంతో పాటు హింస పుట్టే చోటనే దానిని అరికట్టాలన్నది దీని ఉద్దేశం.

నేపథ్యం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. అత్తమామలను గౌరవించకపోవడం, చెప్పకుండా బయటకు వెళ్ళడం వంటి ఏదో ఒక కారణంపై భర్త భార్యను కొట్టడం సమంజసమేనని సుమారు 84 శాతం స్త్రీలు అదే సర్వేలో చెప్పారు. దెబ్బలు తినేవారే దానిని సహజమని భావిస్తున్నపుడు చట్టం ఒక్కటే చాలదు. ఇంటిలో, బడిలో, రచ్చకట్ట వద్ద మగవారి ఆలోచన కూడా మారవలసి ఉన్నది.

చరిత్ర

తెలుగునాట స్త్రీల కష్టాలపై గళమెత్తిన పురుషులలో కందుకూరి వీరేశలింగం ముఖ్యుడు. ఆయన 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమం రాయలసీమతో సహా రాష్ట్రమంతటా వ్యాపించింది. భర్తల తాగుడు, దాని వెంట వచ్చే దెబ్బలు, కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం ఈ ఉద్యమానికి కారణాలు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు.

కెనడాలోని మాంట్రియల్‌లో 1989లో 14 మంది స్త్రీలు హత్యకు గురికాగా, 1991లో అక్కడి పురుషులు తెల్ల రిబ్బను ఉద్యమం ప్రారంభించారు. ముంబైలో 1993లో 'మావా' అనే పురుషుల సంస్థ ఏర్పడింది. 2008లో 'బెల్ బజావో' ప్రచారం వచ్చింది. పొరుగింట్లో భార్యను కొడుతున్న చప్పుడు వినిపిస్తే తలుపు గంట మోగించమని అది మగవారిని కోరింది.

ఆలూరు ప్రాంతం

కర్నూలు జిల్లాలోని ఆలూరు, ఆదోని ప్రాంతాలు వర్షాధారమైన మెట్ట భూములు. పనులు లేని కాలంలో ఇక్కడి కుటుంబాలు మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస వెళతాయి. దీనిని స్థానికంగా సుగ్గికి పోవడం అంటారు. వలస గుడిసెలో దెబ్బలు తినే స్త్రీకి పుట్టింటివారు, ఊరి పెద్దలు అందుబాటులో ఉండరు. అటువంటి చోట మేస్త్రీ, తోటి కూలీలే సాక్షులు. వారు కల్పించుకోవడం, మిన్నకుండడం అన్నదానిపై ఆమె క్షేమం ఆధారపడుతుంది.

చట్టం

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో ఆమోదం పొంది, 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. హింస జరిగిందని, జరుగుతున్నదని లేదా జరగవచ్చని నమ్మే ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. కనుక "పక్కింటి గొడవ మనకెందుకు" అన్న భయానికి చట్టరీత్యా ఆధారం లేదు. భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసకు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. మహిళా సహాయవాణి సంఖ్య 181.

పాఠశాలలలో కృషి

ముంబైలో 2008లో మొదలైన 'జెమ్స్' కార్యక్రమం 6, 7 తరగతుల బాలబాలికలకు ఇంటిపనుల పంపకం, గౌరవం, హింస వంటి అంశాలను చర్చల ద్వారా బోధించింది. అలవాట్లు గట్టిపడకముందే బాలురతో మాట్లాడడం ఇందులోని విశేషం.

విమర్శలు

పురుషుల కార్యక్రమాల వలన బాధిత స్త్రీలకు చేరవలసిన నిధులు తగ్గరాదని, నాయకత్వం స్త్రీల చేతిలోనే ఉండాలని మహిళా సంఘాలు వాదిస్తాయి. ప్రతిజ్ఞలు, ర్యాలీలతో సరిపెట్టడంపై కూడా విమర్శ కలదు. ఇంటిలో దెబ్బలు ఆగాయా లేదా అన్నది ఆ ఇంటి స్త్రీలు చెప్పినపుడే తెలుస్తుంది.