రంగం కూలిన కథ

1930లలో కృష్ణా డెల్టా రైతుకు బర్మా బియ్యం అంటే కంటగింపు. అసలే మాంద్యం రోజులు. రంగూను నుంచి చౌకగా దిగిన బియ్యం మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధరను ఇంకా కిందికి లాగింది. ఆ బస్తాలను అక్కడి జెట్టీల మీద మోసి ఓడకెక్కించిన వీపుల్లో చాలావి తెలుగువాళ్ళవే. అక్కడొక తెలుగువాడికి కూలి పెట్టిన బస్తా ఇక్కడ ఇంకో తెలుగువాడి కల్లంలో ధర కొట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాను తిరిగి గెలిచిన సేనల గురించి ఎవరు మాట్లాడినా, ముందుగా ఆ వీపుల సంగతి చెప్పాలని నా పట్టుదల.

మన కోస్తా జనం రంగూనును రంగం అనేవారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువ; గోదావరి, విశాఖపట్నం, గంజాం ఊళ్ళ నుంచి వేలకు వేలు వెళ్ళారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ డెక్కు మీదికి టిక్కెట్టు కొనిచ్చేవాడు, ఆ బాకీ తీరేదాకా కూలిలో కోసుకునేవాడు. రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో ధాన్యం ఆడించారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో సగానికి పైగా భారతీయులే. దానికి ఒక్క ఏడాది ముందు, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా వాళ్ళను పనిలోకి తెచ్చారు. సమ్మె పరిష్కారం కాగానే వాళ్ళను పొమ్మన్నారు. ఆ అవమానం కత్తులై లేచింది. సర్కారు లెక్కలోనే నూరు మందికి పైగా చచ్చిపోయారు. అప్పుడే సగం కూలింది రంగం.

మిగతా సగం 1941 డిసెంబరు 23న కూలింది. ఆ ఉదయం జపాను బాంబర్లు వస్తుంటే జనం దాక్కోలేదు. అటువంటిది ఎన్నడూ చూసినవాళ్ళు కారు. వీధుల్లోకొచ్చి తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. ముక్కలై చిమ్మే బాంబులు వాళ్ళ మధ్యే పడ్డాయి. మింగలడాన్ విమానాశ్రయం నుంచి బ్రిటిషు విమానాలతో పాటు అమెరికా వాలంటీర్లు, ఫ్లయింగ్ టైగర్స్ అని పేరుపడ్డవాళ్ళు, లేచి పోరాడారు. క్రిస్మస్ రోజున మళ్ళీ దాడి. కూలీలు రేవు వదిలి పారిపోయారు. చైనాకని అమెరికా పంపిన సరుకు దించే చేయి లేక గుట్టలు పడింది. అంతదాకా ఆ రేవు ఎవరి భుజాల మీద నడిచిందో దొరలకు ఆ వారంలో తెలిసొచ్చింది. 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కింది.

ఓడ దొరికినవాళ్ళు బతికారు. దొరకనివాళ్ళు నడిచారు. ప్రోము దాటి, టాంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు. లేదా ఉత్తరాన టము మీదుగా ఇంఫాలుకు. అన్నిటికంటే ఘోరమైన దారి హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లీడోకు. కలరా, మలేరియా, జలగలు, మేలో మొదలైన వానకు మోకాటి లోతు బురద. దారుల్లోనూ, శిబిరాల్లోనూ తెల్లవాళ్ళకొక ఏర్పాటు, నల్లవాళ్ళకొక ఏర్పాటు. నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా విడిచారు. ఎందరు దారిలో పోయారన్నది ఒకరు పదివేలంటారు, ఒకరు యాభై వేలంటారు. అంత తేడా ఉందంటే పోయినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదనే అర్థం.

1942 ఏప్రిల్ 6న బాంబులు మన తీరానికే వచ్చాయి, విశాఖపట్నం మీద, కాకినాడ మీద. మద్రాసు సగం ఖాళీ అయింది. డెల్టాలో గన్నవరం సైనిక స్థావరమైంది. తిట్టుకున్న బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్లో కరువు లక్షల మందిని మింగింది.

అమెరికా సైన్యం నేల మీద దిగింది రంగం కూలిన తర్వాతే. 1942 మేలో తానే నడిచి ఇంఫాలు చేరిన జనరల్ స్టిల్‌వెల్, చైనాకు మళ్ళీ దారి తెరవాలని పట్టుపట్టాడు. ఆ డిసెంబరులో లీడో రోడ్డు పని మొదలైంది. దాని మీద పనిచేసిన సుమారు 15 వేల మంది అమెరికన్లలో సగానికి మించి నల్లజాతివారు, తమ సైన్యంలోనే వేరుగా నిలబెట్టబడినవారు. వాళ్ళు బుల్డోజర్లతో కొండలు కోసిన చోట, పాంగ్సా కనుమ దాటాక, కాందిశీకుల ఎముకలు తగిలాయి. వాగుల ఒడ్డున, కూలిన పాకల్లో, గుంపులుగా. ఆ రోడ్డు కోసం 1,100 మంది అమెరికన్లు కూడా ప్రాణాలిచ్చారు; నేను వాళ్ళను తక్కువ చేయను.

1944 ఫిబ్రవరిలో ఆ దారినే మెరిల్ మరాడర్స్ అనే అమెరికా దళం నడిచింది, సుమారు 3 వేల మంది. మే 17న మిచ్చీనా విమానాశ్రయం పట్టుకున్నారు. ఊరు పడేసరికి ఆగస్టు 3. గుండ్లకంటే జ్వరాలూ విరేచనాలే వాళ్ళను ఎక్కువగా పడగొట్టాయి. వారం తిరిగేసరికి దళాన్ని రద్దు చేశారు. యుద్ధానికి పనికొచ్చేవాళ్ళు రెండొందల మంది మిగిలారో లేదో. 1945 ఫిబ్రవరి 4న మొదటి లారీల బారు కున్మింగ్ చేరింది. అమెరికాకు కావలసింది చైనా దారి, అది దొరికింది. మే 3న, జపాను సేన వదిలిపోయిన రంగూనులో కాలుపెట్టింది మన 26వ ఇండియన్ డివిజన్.

ఊరు తిరిగొచ్చింది గానీ రంగం రాలేదు. కొందరు వెనక్కి వెళ్ళారు. 1948లో స్వతంత్రమైన బర్మాలో పరాయివాళ్ళయ్యారు. 1962లో జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కింది. దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నది రాత్రికి రాత్రి కాగితమైంది. దాదాపు మూడు లక్షల మంది భారతీయులు ఆ దశకంలో దేశం విడిచారు. తాత మూటలు మోసిన ఊరి నుంచి మనవడు కాందిశీకుడై మద్రాసులో, విశాఖలో దిగాడు. కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే. వాళ్ళు మళ్ళీ నిలదొక్కుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టింది.