ఈసీసీ మెమొరీ: వేగంపై ప్రభావం

తనలో పడ్డ తప్పును తానే దిద్దుకునే కంప్యూటర్ మెమొరీయే ఈసీసీ. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన కోడ్ దీనికి మూలం. సర్వర్లలో సాధారణంగా 64 బిట్ల డేటాకు 8 తనిఖీ బిట్లు తోడవుతాయి. ఒక బిట్ తారుమారైతే సరిచేస్తుంది, రెండైతే పసిగడుతుంది. దీనివల్ల కంప్యూటర్ నెమ్మదిస్తుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు గానీ, అతిశయోక్తి. తనిఖీ బిట్లు వేరే తీగల మీద డేటాతోపాటే వస్తాయి, లెక్క కట్టేది మెమొరీ కంట్రోలర్. కాబట్టి జాప్యం స్వల్పం. సర్వర్ మెమొరీలో కనిపించే మందకొడితనంలో కొంత, కంట్రోలర్ ఆదేశాలను మధ్యలో అందుకుని పంపే రిజిస్టర్ చిప్‌ది, నింద మాత్రం ఈసీసీకి.

మెమొరీ అంత తరచుగా తప్పుతుందా అంటే, గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏటా 8 శాతానికి పైగా మెమొరీ కార్డుల్లో తప్పులు దొర్లాయి. బూర్గంపాడు మండలం సారపాక కాగితం మిల్లులాంటి చోట్ల అదుపు కంప్యూటర్ ఒక్కసారి ఆగితే పోయే సమయం ముందు ఈసీసీ జాప్యం లెక్కలోకి రాదు. అయితే పాడవుతున్న కార్డు తప్పుల మీద తప్పులు చేస్తుంటే, వాటిని నమోదు చేయడంలోనే ప్రాసెసర్ నిజంగా చతికిలబడుతుంది. అప్పుడు కార్డు మార్చాల్సిందే.