వేసవి తలంటు, కాలువ నీరు : ఏలూరు–కొల్లేరు ప్రాంత కేశసంరక్షణపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎండాకాలం రాగానే తలకు పెట్టే నూనె, తల రుద్దుకునే పదార్థం, జుట్టు ముడిచే తీరు మారడం తెలుగువారి ఇళ్లలో అనూచానంగా వస్తున్న ఆచారం. ఈ మార్పును సాధారణంగా ‘వేడి–చలువ’ అనే నమ్మకంతో వివరిస్తారు. వట్లూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలను ఆధారంగా తీసుకొని, ఈ మార్పును రూపొందించడంలో ఎండకు ఎంత పాత్ర ఉందో, వేసవిలో నీటి లభ్యతకూ నీటి గుణానికీ అంతే పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు వైద్యగ్రంథాలు, కావ్యాలు, పండుగల క్రమం, వాడుకలోని పదజాలం, గోదావరి డెల్టా కాలువల చరిత్ర ఆధారాలు.

కీలక పదాలు: తలంటు, ఋతుచర్య, కుంకుడు, ఆముదం, పూలజడ, కాలువల కట్టివేత, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి తిండి, బట్ట, ఆట, నగ చరిత్రకు ఎక్కాయి. తలస్నానం మాత్రం అంతగా ఎక్కలేదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) కావ్యాలలోని నిత్యజీవిత వివరాలను చరిత్రకు ఆకరాలుగా స్వీకరించే మార్గాన్ని చూపింది. ఆ మార్గంలోనే కేశసంరక్షణను కూడా పరిశీలించవచ్చు. అయితే దీనికి కావ్యం ఒక్కటే చాలదు. తల రుద్దుకోవడం నీటితో జరిగే పని. కాబట్టి ఊరికి నీరు ఎక్కడినుంచి వచ్చేది, ఏ నెలలో తగ్గేది, ఏ రుచిలో ఉండేది అన్న ప్రశ్నలు కూడా ఈ చరిత్రలో భాగమే.

ఈ పరిశీలనకు ఏలూరు పరిసరాలు అనువైనవి. ఉత్తరాన ద్వారకాతిరుమల వైపు బావుల మీద, చెరువుల మీద ఆధారపడిన మెట్ట. తూర్పున తాడేపల్లిగూడెం వైపు గోదావరి కాలువల పల్లం. ఏలూరును ఆనుకొని ఉన్న వట్లూరుకు దక్షిణంగా కృష్ణా–గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు. ఇలా మూడు రకాల నీటి వ్యవస్థలు కొద్ది దూరంలోనే ఇక్కడ కలుస్తాయి. ఎండ అందరికీ ఒక్కటే, నీరు మాత్రం ఒక్కటి కాదు.

2. తలంటు : పదం, ప్రక్రియ

‘తలంటు’ అనే మాటలో ‘అంటు’ అంటే పూయడం, రుద్దడం. అంటే తలకు నూనె పట్టించడమే దీని తొలి అర్థం. తరువాత ఆ నూనెను వదిలించే స్నానం కూడా ఇందులో చేరి, నేడు మొత్తం ప్రక్రియకు ఇదే పేరయింది. ‘తలకు పోసుకోవడం’, ‘తల రుద్దుకోవడం’, ‘కంఠస్నానం’ అన్న మాటలు వేరువేరు స్థాయిలను సూచిస్తాయి. మెడ వరకే పోసుకునే స్నానానికి విడిగా ఒక పేరుండటం గమనార్హం. రోజూ స్నానం చేసినా తల తడపడం రోజూ జరిగేది కాదన్న విషయాన్ని ఈ పదమే నమోదు చేసింది.

ప్రక్రియలో మూడు దశలున్నాయి. మొదట నువ్వుల నూనె గాని, ఆముదం గాని వెచ్చచేసి మాడుకు, కుదుళ్లకు మర్దించడం. రెండవది, కొట్టి వేడినీటిలో నానవేసిన కుంకుడుకాయల రసంతోనో, గంజిలో కలిపిన సీకాయపొడితోనో రుద్దడం. మూడవది, జుట్టు ఆరబెట్టి సాంబ్రాణి పొగ పట్టడం. కుంకుడు పులుసు కంట్లో పడి ఏడ్చే పిల్లల నోట్లో ఉప్పుగల్లు వేయడం కూడా ఈ తతంగంలో భాగమే. వేసవిలో ఈ మూడు దశలూ మారతాయి. నూనె తగ్గుతుంది. మెంతులు, మందారాకు, మజ్జిగ వంటివి చేరతాయి. సాంబ్రాణి అవసరం తప్పుతుంది.

3. శాస్త్రంలో, కావ్యంలో ఋతుభేదం

వాగ్భటుని ‘అష్టాంగహృదయం’ సూత్రస్థానంలో రెండవ అధ్యాయం దినచర్య, మూడవది ఋతుచర్య. దినచర్యలో అభ్యంగనాన్ని నిత్యకృత్యంగా విధిస్తూ తలకు, చెవులకు, పాదాలకు నూనెను ప్రత్యేకంగా పట్టించమంటాడు. అక్కడే మరో ముఖ్యమైన నియమముంది. వేడినీరు మెడ కింది శరీరానికి బలమిస్తుంది గాని, తలపై పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ హాని చేస్తుందని ఆయన మతం. గ్రీష్మచర్యలో ఉప్పు, కారం, పులుపు, వ్యాయామం, ఎండ విడిచిపెట్టి చల్లని నీటితో స్నానం చేయమంటాడు. ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదివితే వేసవి తలస్నానానికి చల్లని నీరు, చాలినంత నీరు అవసరమని తేలుతుంది. శాస్త్రం నీరు ఉన్నదనే భావించి నియమం చెప్పింది.

కావ్యంలోనూ ఋతుభేదం స్పష్టం. కాళిదాసు పేరిట ప్రసిద్ధమైన ‘ఋతుసంహారం’ గ్రీష్మవర్ణనలో స్త్రీల కురులు స్నానకషాయపు పరిమళంతో ఉంటాయి. హేమంతవర్ణనకు వచ్చేసరికి అదే తలకు నల్ల అగరు ధూపం. వేసవిలో నీటి ద్వారా వచ్చిన వాసన చలికాలంలో పొగ ద్వారా వస్తున్నది. కవి దీన్ని అలంకారంగా చెప్పినా, ఆరడానికి పట్టే సమయమే ఈ భేదానికి మూలమని ఊహించవచ్చు. తెలుగిళ్లలో సాంబ్రాణి బాలింతలకు, పసిపిల్లలకు, చలిరోజుల తలంట్లకు ముఖ్యం కావడం ఈ ఊహను బలపరుస్తుంది.

సుమారు 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకొని, సాము చేశాక స్నానం చేసేవాడని రాశాడు. నూనె, శ్రమ, స్నానం అనే క్రమం రాజాంతఃపురంలోనూ అదే. భేదమల్లా నీళ్లు తోడేవారి సంఖ్యలోనే.

పండుగల క్రమం మరొక ఆధారం. ఉగాది, నరకచతుర్దశి, భోగి రోజులలో అభ్యంగనం తప్పనిసరి. ఉగాది ఎండల ముఖద్వారం, నరకచతుర్దశి చలికి ఆరంభం, భోగి చలికి చివర. మూడూ ఋతువులు మారే సంధులలోనే ఉన్నాయి. ముఖ్యంగా ఉగాది తలంటు, నీరు ఇంకా నిండుగా ఉన్న రోజులలో జరిగే చివరి పెద్ద తలంటు అని చెప్పవచ్చు.

4. కాలువ కట్టిన నెలలు

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసింది. దాని కాలువలతో పశ్చిమ డెల్టా పల్లెలకు పంటనీటితో పాటు తాగునీరు, స్నానపు నీరు కూడా వచ్చాయి. కానీ కాలువకు ఒక వార్షిక నియమముంది. ఏటా వేసవిలో మరమ్మతులకోసం కాలువలు కట్టేసి, జూన్‌లో మళ్లీ వదులుతారు. కట్టే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఆ చెరువే ఎండాకాలమంతటికీ ఆధారం. అంటే చెమట ఎక్కువగా పట్టి తల తరచుగా రుద్దుకోవలసిన నెలలలోనే నీటిని పొదుపుగా వాడవలసివచ్చేది.

ఈ వైరుధ్యమే వేసవి కేశసంరక్షణను తీర్చిందని ఈ వ్యాసం ప్రతిపాదన. మూడు విషయాలు ఇందుకు అనుకూలంగా కనిపిస్తున్నాయి.

మొదటిది నూనె. ఆముదాన్ని ‘చలువ’ అంటారు. కాని అది చిక్కని నూనె. తలనిండా పట్టిస్తే వదిలించడానికి ఎక్కువ కుంకుళ్లు, ఎక్కువ బిందెలు కావాలి. వేసవిలో తలనిండా గాక ‘మాడున’ మాత్రం కాస్త ఆముదం అద్దే అలవాటు, చలువ కావాలన్న కోరికకూ నీటి కొరతకూ మధ్య కుదిరిన రాజీగా అర్థం చేసుకోవచ్చు.

రెండవది వారనియమం. ఆడవారికి శుక్రవారం, మగవారికి శనివారం తలంటుకు తగినవని చెప్పే ఆచారానికి శుభాశుభాల వివరణ ఉంది. దాని ఆచరణఫలితం మరొకటి. ఇంటిల్లిపాదీ ఒకేరోజు తల రుద్దుకోకుండా నీటి అవసరం రెండు రోజులకు పంచబడేది.

మూడవది నీటి గుణం. వేసవిలో కొల్లేటి నీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు ద్వారా సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నుతుంది. పల్లపు బోర్లు, బావులలో చాలాచోట్ల నీరు ఉప్పన. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న కఠినజలంలో సబ్బు నురగ కట్టక తెల్లని తెట్టుగా జుట్టును అంటుకుంటుంది. కుంకుడులోని సపోనిన్లు ఆ లవణాలతో అలా తెట్టు కట్టవు. సబ్బు ఇంటింటికీ వచ్చిన తరువాత కూడా తలకు మాత్రం కుంకుడే నిలవడానికి పరిమళమో సంప్రదాయమో మాత్రమే కారణమనడం చాలదు. ఒంటికి సబ్బు, తలకు కుంకుడు అన్న విభజనలో నీటి రసాయనశాస్త్రం ఇమిడి ఉంది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. జూన్ రెండవ వారంలో వచ్చే మృగశిర కార్తె ఈ ప్రాంతంలో తొలకరికీ, కాలువ నీటికీ ఎదురుచూపు. ఎండ తగ్గడం, నీరు పెరగడం ఒకేసారి జరుగుతాయి కనుకనే, వేసవి అలవాట్లకు ఎండే ఏకైక కారణంగా మనకు తోస్తుంది.

5. కొప్పు, పూలజడ, గుండు

వేసవికి తగిన రెండవ సర్దుబాటు జుట్టును ఉంచుకునే తీరులో ఉంది. జడను మెడమీదినుంచి తప్పించి కొప్పుగా ముడవడం పనిపాటల ఆడవారి పద్ధతి. ఇందుకు విరుద్ధంగా చిన్నపిల్లలకు ఎండాకాలంలోనే నిండైన పూలజడ వేస్తారు. కారణం మల్లె. మల్లెమొగ్గ విరగకాసేది వేసవిలోనే. మొగ్గలు, మరువం, కనకాంబరాలు జడ పొడవునా కుట్టి, ఫోటోస్టూడియోలో వీపు వెనుక అద్దం పెట్టి తీయించిన చిత్రాలు కోస్తా ఇళ్లలో విరివిగా ఉన్నాయి. ముందు ముఖం, అద్దంలో జడ కనిపించే ఈ ఫోటో వేసవి కేశాలంకరణకు మనకున్న విలువైన దృశ్యపత్రం. విద్యాసంస్థల గ్రంథాలయాలు దీనిని సేకరించదగ్గ ఆకరంగా గుర్తించాలి. గోదాదేవి తలలో ముడిచి విడిచిన మాలను స్వామికి సమర్పించిన కథ ‘ఆముక్తమాల్యద’కు పేరైంది. కురుల పూవుకు తెలుగు కావ్యం ఇచ్చిన స్థానం అంతటిది.

మూడవ మార్గం జుట్టునే తీసివేయడం. ద్వారకాతిరుమలలో స్వామివారి కల్యాణోత్సవాలు వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి జరుగుతాయి. పుట్టువెంట్రుకల మొక్కు, బడిసెలవులు, వైశాఖపు ఎండ కలిసివచ్చినప్పుడు, పిల్లల గుండు మొక్కు తీర్చడంతో పాటు చెమటపొక్కులకూ పేలకూ విరుగుడు అయ్యేది. భక్తికి ఆరోగ్యప్రయోజనమే మూలమని దీని అర్థం కాదు. రెండూ ఒకే రోజున నెరవేరేవని మాత్రమే.

6. ఎవరి తల, ఎవరి చాకిరి

ఈ చరిత్రను చలువ, పరిమళం అనే మాటలతో ముగించడం న్యాయం కాదు. శాస్త్రకావ్యాలలో కనిపించే తల తీరిక ఉన్నవారి తల. వేసవి పొలంలో, చెరువు గట్టున పనిచేసేవారికి తలగుడ్డే కేశరక్షణ. ఇక సంప్రదాయ కుటుంబాలలో వితంతువులకు శిరోముండనం విధించిన కాలంలో కొందరు స్త్రీలకు తలంటు, పూలు, దువ్వెన అన్నీ నిషిద్ధమయ్యాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతువివాహాన్ని ఈ కోణం నుంచి చూస్తే, ఆ స్త్రీకి తిరిగి దక్కినవాటిలో తన జుట్టు మీద తన హక్కు కూడా ఒకటి.

చాకిరి విషయమూ అంతే. కాలువ కట్టిన రోజులలో చెరువునుంచి బిందెలు మోసినది, కుంకుళ్లు కొట్టినది, పిల్లల తలలు రుద్దినది ఎక్కువగా స్త్రీలే. కుంకుడు, సీకాయ ఏజెన్సీ అడవుల సరుకు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీఫలసాయంలో ఇవి ఉన్నాయి. పల్లపు ఇంటి తలంటు వెనుక మన్యంలో కాయ ఏరిన చేతులున్నాయన్నది మరవరాదు.

7. షాంపూ రాక

‘షాంపూ’ మాట మన దేశానిదే. హిందీలో నొక్కడం, మర్దించడం అనే అర్థమున్న ‘చాంపో’ నుంచి ఆంగ్లంలోకి వెళ్లింది. పట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్ది తొలిదశకాలలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో నడిపిన ‘షాంపూ’ స్నానశాల నిజానికి మర్దనశాల. తరువాత ఆ మాట నురగకు స్థిరపడింది. తలంటు అనే తెలుగు మాట కూడా మర్దన నుంచి స్నానానికి జరిగిందని రెండవ భాగంలో గమనించాం. రెండు భాషలలోనూ మాట ఒకే దారిలో నడిచింది. భేదం ఒక్కటే. తెలుగు మాట నూనెను వదులుకోలేదు.

1983లో కడలూరులో మొదలై ‘చిక్’ షాంపూను చిన్న పొట్లంలో అమ్మిన సంస్థవంటివి దక్షిణాది పల్లెలకు దీన్ని చేర్చాయి. దానితో పాటు కర్పూరం, మెంథాల్ చేర్చిన ‘నవరత్న’ వంటి చల్లనూనెలు వచ్చాయి. మెంథాల్ చర్మంలోని చలిని గుర్తించే నాడులను ప్రేరేపిస్తుంది. అది చల్లగా అనిపించడమే గాని తల వేడిమి తగ్గడం కాదు. పాత ‘చలువ’ భావనలో నూనెతో పాటు నీరు, నీడ, పగటి విశ్రాంతి కలిసి ఉండేవి. కొత్త చలువ సీసాలో వచ్చింది.

నీటి వ్యవస్థా మారింది. మేడమీది ట్యాంకునుంచి మే మధ్యాహ్నం కుళాయిలో వచ్చేది వేడినీరే. తలపై వేడినీరు వద్దన్న వాగ్భటుని నియమం మన ప్రమేయం లేకుండానే రోజూ భంగమవుతున్నది. బోరునీటి ఉప్పుదనం, రోజువారీ షాంపూ, నూనె పెట్టకపోవడం కలిసినప్పుడు జుట్టు పొడిబారుతుంది. దానికి మందుగా మరో సీసా కొంటున్నాం. తెల్లవారుజామున, రాత్రంతా చల్లబడిన నీటితో తల రుద్దుకోవడం అనే పాత పద్ధతికి ఇప్పటికీ ఖర్చు లేదు.

8. ముగింపు

ఏలూరు–కొల్లేరు ప్రాంతంలో వేసవి కేశసంరక్షణ మూడు విధాల సర్దుబాటు అని పై పరిశీలన తెలుపుతున్నది: నూనెను తలనిండా గాక మాడుకు పరిమితం చేయడం, ఉన్న నీటికి తగిన శోధకాన్ని ఎంచుకోవడం, జుట్టును ముడవడం లేదా మొక్కుగా సమర్పించడం. ఈ మూడింటిలో మొదటి రెండూ నేరుగా నీటితో ముడిపడి ఉన్నాయి. ఈ పద్ధతులను నేడు ‘అమ్మమ్మ చిట్కాలు’గా విడివిడిగా ప్రచారం చేస్తున్నాం. అలా విడదీసినప్పుడు వస్తువు మిగులుతుంది, దాని కారణం పోతుంది. మంచినీళ్ల చెరువు పూడిపోయి బోరు ఉప్పెక్కిన ఊరిలో మందారాకు ఒక్కటే జుట్టును కాపాడలేదు. తలంటు చరిత్రను రాయడమంటే ఆ చెరువు చరిత్రనూ, బిందె మోసిన మనిషి చరిత్రనూ రాయడమే. పల్లం, మెట్ట, లంకగ్రామాల పదజాలాన్ని వృద్ధ స్త్రీల నోటినుంచి సేకరించే పని ఇంకా ఆలస్యం చేయదగినది కాదు.