అంకె ప్రక్కని నక్షత్రము

ఆటలో గెలుపోటములు ఆనాటి సాయంకాలముతో తీరిపోతవి. అంకెలు మాత్రము పుస్తకమున కెక్కి తరతరములు నిలుస్తవి. అయితే ఒక అంకె ఏ పరిస్థితిలో పుట్టినదో ఆ అంకె తనంతట తాను చెప్పలేదు. 2019 అక్టోబరులో మన విశాఖపట్టణములో పుట్టిన ఒక అంకెను ముందుంచుకొని ఈ సంగతి కొంచెము విచారింతము.

మధురవాడ దాపున పోతినమల్లయ్యపాలెపు మైదానములో ఆ నెల 2వ తేదీన దక్షిణాఫ్రికాతో టెస్టు మ్యాచి మొదలైనది. అంతవరకు టెస్టులలో నడిమి వరుసలో ఆడుతూ వచ్చిన రోహిత్ శర్మ మొట్టమొదటిసారిగా ఆట ప్రారంభించుటకు దిగినాడు. తోడు వచ్చినవాడు మయాంక్ అగర్వాల్. తొలినాటి చివరి భాగమును వాన మింగివేసినది. అప్పటికి వికెట్టు పోకుండ 202 పరుగులు. మరునాడు 317 పరుగుల వద్దగాని ఆ జంట విడిపోలేదు. రోహిత్ 176, మయాంక్ 215 చేసినారు. రెండవ ఇన్నింగ్సులో మయాంక్ 7 పరుగులకే వెనుదిరుగగా, చతేశ్వర్ పుజారా 81 పరుగులు చేసి రెండవ కొసను కాచినాడు. రోహిత్ 127 చేసినాడు. మొదట 6, పిదప 7, వెరసి 13 సిక్సర్లు! ఒక టెస్టులో ఒకే ఆటగాడు అన్ని కొట్టుట అదే ప్రథమము. భారతజట్టు 203 పరుగుల తేడాతో గెలిచినది.

అంతకు ముందున్న లెక్క 12. అది 1996లో జింబాబ్వేపై పాకిస్తాను ఆటగాడు వసీం అక్రం నెలకొల్పినది. కాని అక్రం ఆ పన్నెండింటిని ఒకే ఇన్నింగ్సులో కొట్టినాడు. రోహిత్‌కు రెండు ఇన్నింగ్సులు లభించినవి. మరి అధికుడెవరు?

ఇటువంటి ప్రశ్నయే 1961లో అమెరికా దేశమును ఊపివేసినది. మనకు సిక్సరు ఎట్టిదో, అక్కడి బేస్‌బాల్ ఆటలో హోంరన్ అట్టిది. బంతిని కంచె దాటించి, కొట్టినవాడు నాలుగు మజిలీలు చుట్టివచ్చుట దాని లక్షణము. 1927లో బేబ్ రూత్ ఒక్క సీజనులో 60 హోంరన్లు కొట్టినాడు. ముప్పదినాలుగేండ్లకు న్యూయార్కు యాంకీస్ జట్టులోని ఇద్దరు సహచరులు, మికీ మాంటిల్, రోజర్ మారిస్, ఒక్కమారే ఆ లెక్కను తరుమసాగినారు. మాంటిల్ ప్రజల ముద్దుబిడ్డ. మారిస్ అంతకు ముందటి యేడే ఆ జట్టులో చేరిన మితభాషి. పత్రికలు వారి నడుమ వైరము కల్పించినవి. నిజమునకు వారిద్దరును ఆ యేడు ఒకే ఇంట కాపురమున్నారు. సెప్టెంబరులో మాంటిల్ జబ్బుపడి 54 వద్ద ఆగినాడు. అక్టోబరు 1న, సీజను చివరి ఆటలో, మారిస్ 61వది కొట్టినాడు.

కాని చిక్కు అంతకు ముందే వచ్చిపడినది. రూత్ కాలములో సీజనుకు 154 ఆటలు. 1961లో ఆ లీగులో అవి 162 అయినవి. 154 ఆటలలో రూత్‌ను దాటకున్న ఆ లెక్కను వేరుగా చూపవలెనని, ఆ ఆటకు అధిపతియైన ఫోర్డ్ ఫ్రిక్ జూలైలోనే శాసించినాడు. ఈయన రూత్‌కు మిత్రుడు, ఒకప్పుడు రూత్ పేరిట వ్యాసములు వ్రాసిపెట్టినవాడు. 154 ఆటలు ముగియునప్పటికి మారిస్ కొట్టినవి 59. పుస్తకములో నక్షత్రపు గుర్తు నిజముగా వేయలేదు. రెండు లెక్కలను వేరువేరుగా చూపినారు. అయినను జనుల నోట నక్షత్రమే నిలిచినది. ఆ భేదమును 1991లో తొలగించినారు. మారిస్ 1985లోనే కన్నుమూసినాడు. ఈ కథను బిల్లీ క్రిస్టల్ 2001లో చలనచిత్రముగా తీసినాడు. దాని పేరు 61 అను అంకె, ప్రక్కనొక నక్షత్రము.

పరిస్థితిని వ్రాయుట తప్పుకాదు. ఒక్కనికే వ్రాయుట తప్పు. రూత్ ఆడిన నాళ్ళలో నల్లజాతివారికి ఆ పెద్ద లీగులలో ప్రవేశము లేదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చువరకు ఆ తలుపు తెరచుకొనలేదు. రూత్ అంకె ప్రక్క ఆ మాట ఎవరును వ్రాయలేదు కదా!

క్రికెట్టువారు ఈ విషయమున మేలైన దారి పట్టినారు. ఇన్నింగ్సు లెక్క వేరు, మ్యాచి లెక్క వేరు. ఆ గీత అందరికిని సమానమే. కనుక విశాఖలో పుట్టిన 13, అక్రం 12ను చెరపలేదు. 2024లో రాజకోటలో యశస్వి జైస్వాల్ ఆ 12ను అందుకొనగలిగినాడేగాని దాటలేదు. ఏ గడిలోను ఇమడని అంకెలును కలవు. నాగపూరులో తెలుగు కుటుంబమున జన్మించి, 1953-54లో ఆంధ్రజట్టుకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడు, 1926లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేయుచు 11 సిక్సర్లు కొట్టినాడు. భారతదేశము తొలి టెస్టు ఆడినది 1932లో. కనుక ఆ పదకొండునకు టెస్టుల పట్టికలో చోటు లేదు. మన జ్ఞాపకములో మాత్రము ఉన్నది.

ఇకమీదట రేడియోలో వ్యాఖ్యాత ఒక అంకెను ఉత్సాహముతో ప్రకటించినప్పుడు మనము రెండు ప్రశ్నలు వేసుకొందము. ఇది ఎన్ని అవకాశములలో వచ్చినది? ఆవలి కొసను నిలిచినవాడెవడు? మయాంక్ 215, పుజారా 81, మాంటిల్ 54 కూడ ఆ కథలలోని అంకెలే.